వీసము నుండి సమీకరణము వఱకు

రెండువందల యేండ్ల క్రిందట బళ్ళారి జిల్లాలోని వీధిబడులలో ఒక యాచార ముండెను. ఉదయ మాఱుగంటలకు బడి కూడును. అందఱికంటె ముందు వచ్చిన పిల్లవాని యరచేతిలో సరస్వతీదేవి నామమును వ్రాయుదురు. అది వానికి గౌరవము. రెండవవాని యరచేతిలో సున్న చుట్టుదురు. వాడు మెచ్చుకొనదగినవాడును గాడు, దండింపదగినవాడును గాడు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, అయిదవవానికి మూడు, ఇట్లు వచ్చినకొలది ఒక్కొక్కటి హెచ్చుచుండును. బడికి పండ్రెండుగురు చొప్పున పిల్లలుండిన ఆ రోజులలో కడపటివాని వంతునకు పది దెబ్బలు పడుననియు, అన్నియు కూడిన ఏబదియైదగుననియు మనము లెక్క కట్టుకొనవచ్చును. శ్రేఢి యను మాట నెఱుగని పసివాండ్రు ప్రతిదినమును ఆ శ్రేఢిలో నిలుచుచుండిరి. సున్న యనగా వట్టి లేమి కాదనియు, మేలునకును కీడునకును నడుమ దానికొక స్థానము కలదనియు, ఒకట్లు పదులు వందలు నేర్వక మునుపే వారికి అరచేతిలో తెలియుచుండెను. ఆ దెబ్బలను నేను సమర్థింపను. ఆ సున్నను మాత్రము మఱవజాలను.

ఈ వృత్తాంతమును వ్రాసిపెట్టినవాడు బళ్ళారి కలెక్టరుగా నుండిన ఏ. డి. కాంబెల్. తెలుగు భాషకు ఇంగ్లీషున వ్యాకరణము వ్రాసి 1816లో ప్రకటించిన పండితు డాయన. 1822లో చెన్నపురి గవర్నరు సర్ తామస్ మన్రో, తన యేలుబడిలోని జిల్లాలలో బడులెన్ని, చదువుకొను పిల్లలెందఱు, వారికేమి చెప్పుదురు అని విచారింపగా, పలువురు కలెక్టర్లు పట్టికలను నింపి పంపి యూరకొనిరి. కాంబెల్ మాత్రము 1823 ఆగస్టులో పంపిన సమాధానమున బడి యరుగుమీద కూర్చుండి చూచినవానివలె పాఠముల వరుసను చెప్పెను. జిల్లా జనాభా 9,27,857, బడులు 533, అందులో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235, చదువుకొనుచున్నవారు 6,641 మంది, అనగా వేయిమందికి ఏడుగురైనను లేరు. ఆ యాఱువేల పైచిల్లరలో ఆడపిల్లలు అరువదిమంది. ఈ అరువది యను సంఖ్యను చదువరులు జ్ఞప్తియం దుంచుకొనవలెనని నా ప్రార్థన. దీనితో మనకు మరల పని గలుగును.

అక్షరాభ్యాసము ఐదవయేట. పిల్లవాడు వ్రేలితో ఇసుకలో దిద్దును. చేయి కుదిరిన పిమ్మట వానికి పలకయో కడితమో చేతికి వచ్చును. ఆనాటి పలక ఱాతిపలక కాదు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు గల చెక్కను నున్నగా చిత్రికపట్టి, అన్నమును బొగ్గుపొడిని కలిపి దానికి పూయుదురు. కడిత మన్ననో, గుడ్డను గంజితో బిరుసెక్కించి, పుస్తకమువలె మడతలు పెట్టి, బొగ్గును జిగురులను కలిపి పూసినది. రెంటిమీదను బలపముతో వ్రాసి తడిగుడ్డతో తుడిచివేయవచ్చును. అక్షరములు, గుణింతములు, వత్తులు, తరువాత మనుష్యుల పేర్లు, ఊళ్ళ పేర్లు, జంతువుల పేర్లు వ్రాయుట వచ్చినమీదటనే అంకెలు. అంకెల తరువాత కూడిక పట్టిక, ఒకటి మొదలు నూఱు వఱకు లెక్కించుట; అటుపిమ్మట రూకలతో కూడికలు, తీసివేతలు; ఆపైని గుణకారము; ఆపైని నాణెములను కొలతలను పెద్దవానినుండి చిన్నవానికిని చిన్నవానినుండి పెద్దవానికిని మార్చుట. ఇక్కడికి వచ్చుసరికి, కాంబెల్ మాటలనుబట్టి, పంతులుగారు తన శ్రమనంతటిని ఒక్క విషయముమీద పెట్టుచుండెను. అది భిన్నములు.

ఆ భిన్నములు మనమిప్పుడెఱిగిన దశాంశములు కావు. అవి నాలుగేసి చొప్పున దిగుచుండెడివి. ఒకటిలో నాల్గవపాలు కాలు. కాలులో నాల్గవపాలు వీసము. వీసములో నాల్గవపాలు కాని. మూడు కాళ్ళవఱకు కాళ్ళుగానే లెక్కింతుము, నాల్గవది చేరిన పూర్తి ఒకటి యగును. మూడు వీసములవఱకు వీసములు, నాల్గవది చేరిన కాలు. మూడు కానులవఱకు కానులు, నాల్గవది చేరిన వీసము. కావున ప్రతి స్థానమునందును మూడు గీతలకు మించి వ్రాయవలసిన యక్కఱ లేదు. వ్రాతలో నొక చమత్కార ముండెను: కాళ్ళను నిలువుగీతలతోను, వీసములను అడ్డగీతలతోను, కానులను మరల నిలువుగీతలతోను గుర్తించుచుండిరి. ఒక నిలువుగీత కాలు, రెండైన అర, మూడైన ముక్కాలు. ఒక అడ్డగీత వీసము, రెండైన పరక, మూడైన మువ్వీసము. నిలువు తరువాత అడ్డము, అడ్డము తరువాత నిలువు వచ్చుచుండుటచేత ఒక స్థానపు గీతలు ప్రక్క స్థానపు గీతలతో కలిసిపోవుటకు వీలులేదు. నిలువుగీతలుండవలసినచోట ఏమియు లేనియెడల అచ్చట వ్రాయు గుర్తునకు హళ్ళి యని పేరు. హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న అని మనము నేటికిని అనుకొను మాట, లెక్క మిగులు లేక సరిపోయినప్పుడు కరణము నోటినుండి వెడలిన మాట. పూర్ణాంకముల వైపును ఏమియు మిగులలేదు, భిన్నముల వైపును ఏమియు మిగులలేదు అని దాని తాత్పర్యము. వీసమెత్తు, చేతిలో కానీ లేదు, ఏగానీకి కొఱగాడు అని మనము ప్రతిదిన మనుచున్నపు డెల్ల ఆ బడిలోని యొక పాఠమును తెలియక వల్లెవేయుచున్నవారమే.

ఈ భిన్నముల పట్టికను, ఎక్కములను, కొలపాత్రల లెక్కను, తూనికల లెక్కను, దూరముల లెక్కను దినమునకు రెండుమారులు పిల్లలందఱును వరుసలుగా నిలుచుండి, ఒక పెద్దపిల్లవాడు ముందు చెప్పగా వెనుక నందఱును గొంతెత్తి చెప్పుచుండిరి. గిద్దలు నాలుగు సోల, సోలలు రెండు తవ్వ, తవ్వలు రెండు మానిక, మానికలు నాలుగు కుంచము. పలములు నలువది వీశె, వీశెలు ఎనిమిది మణుగు. ఏడేడులు నలుబదితొమ్మిది యను మాటకు తాళమున్నది. ఆ తాళము నాలుకకు పట్టుబడినమీదట బుద్ధి దానిని వెదకికొననక్కఱలేదు. వల్లెవేయుటను నిందించుట ఇటీవల చదువుకొన్నవారికి పరిపాటి యైనది. కాంబెల్ సయితము పద్యకావ్యములను అర్థము తెలియక వల్లెవేయించుటను నిందించెను. కాని లెక్కల పాఠమును వర్ణించునపుడు ఆయన నిందింపలేదు. పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించు ఈ పద్ధతియు, ఇసుకలో వ్రాయించు పద్ధతియు అంతకు మునుపే చెన్నపట్టణపు అనాథబాలుర శాలలో ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు అవలంబించి, 1797లో ఇంగ్లండులో దానినిగూర్చి పుస్తకము ప్రకటింపగా, అచ్చటి బీదపిల్లల బడులలో మదరాసు పద్ధతి యను పేరుతో వ్యాపించెను. మన యరుగుబడి సీమకు పోయి వచ్చినదని మనలో ఎందఱికి తెలియును?

ఈ చదువు ఎంతటి పదునుగలదో నేను చూచినది బడిలో కాదు, మా నాయనమ్మ దగ్గఱ. ఆమె బడి గడప తొక్కలేదు. అన్నలు అరుగుమీద వల్లెవేయుచుండగా లోపల పిండి విసరుకొనుచు విని నేర్చినది. ఒకనాడు చింతపండు వీశె రూపాయి పావలా చెప్పిన కొట్టులో, ఆమె పదలము, అనగా పది పలములు తూపించెను. వర్తకుడు చిత్తుకాగితము తీసికొనులోపలనే ఆమె, "రూపాయిలో కాలు పావలా, పావలాలో కాలు అణా, అయిదణాలేగా శెట్టిగారూ!" అనెను. నలువది పలముల వీశెలో పది పలములు కాలు. రూపాయి పావలాను నాలుగు పెట్టి భాగించుట యనగా పేరు మార్చి పలుకుటయే. పావలా రూపాయిలో కాలు, అణా వీసము, కాని తన పేరు తానే చెప్పుచున్నది. నాణెమును తూకమును భిన్నమును ఒకే నాలుగుతో ముడివడియుండగా, భాగహార మామెకు నోటిమాట యైనది.

వీధిబడి నిచ్చెన అంతటితో ముగిసినదా? చాలమందికి ముగిసినది. పిల్లవానికి రూకల లెక్క, ధాన్యపు కొలత, కవిలె వ్రాయుట వచ్చిన చాలును. పేదఱికముచేత అయిదేండ్లకే చదువు మానిపించు తల్లిదండ్రులు చాలమంది యుండిరని కాంబెల్ వ్రాసినాడు. అయినను అంతకుమించిన మెట్లు తెలుగునందు లేకపోలేదు. రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలమున, తొమ్మిదవ శతాబ్దియందు, మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మల్లన పదునొకండవ శతాబ్దివాడని కొందఱును, పండ్రెండవ శతాబ్దివాడని కొందఱును వాదింతురు. ఏది యెట్లయినను మన భాషలో శాస్త్రగ్రంథములకు అదియే మొదలని చెప్పదగియున్నది. భాస్కరుని లీలావతిని ఏలుగంటి పెద్దన ప్రకీర్ణగణితమను పేర తెనిగించెను. ఆ గ్రంథముల వరుసను చూచిన, లీలావతియు మొట్టమొదట నాణెములు, తూనికలు, కొలతలతోనే యారంభమగును, పిమ్మట స్థానముల పేర్లు, పిమ్మట సంకలితము, వ్యవకలితము, గుణకారము, భాగహారము, వర్గము, వర్గమూలము, ఘనము, ఘనమూలము అను పరికర్మములెనిమిది, నడుమ త్రైరాశికము, తరువాతనే క్షేత్రములు, గోతులు, నీడలు, కుట్టకము. బజారునుండి బయలుదేరి ఆకాశమువైపు పోవు మార్గ మది.

పావులూరి గణితములోని దని చెప్పెడు పద్య మొకటి పండితుల నోట నేటికిని వినవచ్చును. చదరంగపు బల్లమీది మొదటి యింటిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టింపుచు అరువదినాలుగిండ్లను నింపిన గింజలన్నియు నెన్ని యను ప్రశ్నకు అది యుత్తరము. ఆ సంఖ్య 18446744073709551615. ఇరువది స్థానముల ఈ సంఖ్యను పద్యమున నిముడ్చుటకు శరమన్న ఐదు, శశియన్న ఒకటి, వేదమన్న నాలుగు, గిరియన్న ఏడు అను సంకేతములను గ్రహించి, కుడినుండి యెడమకు ఒకట్ల స్థానము మొదలుకొని కవి కూర్చెను. ఛందస్సు చెడినచో అంకె చెడినట్లే; ఏ వ్రాయసకాడైనను ఒక యంకెను జాఱవిడిచినయెడల యతియో ప్రాసయో గణమో వానిని పట్టియిచ్చును. వీధిబడి పిల్లవాని తాళమునకును, ఈ మహాపద్యమునకును బంధుత్వము కలదని నా నమ్మకము. రెండును లెక్కను చెవికి అప్పగించినవి.

మన్రో 1826లో తన నివేదికను ముగించునాటికి రాజధాని మొత్తమునందు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు లెక్కకు వచ్చిరి. తరువాతి యర్ధశతాబ్దిలో ఆ బడులు కొన్ని నశించినవి, కొన్ని ధనసాహాయ్యము పొంది రూపు మార్చుకొన్నవి. 1832లో పుదూరి సీతారామశాస్త్రిగారి బాలశిక్ష అచ్చయి, పెరిగి పెద్దబాలశిక్షయై, ఎక్కములను కొలతలను ఇంటింటికి చేర్చెను. కాని గొప్ప మార్పు పైనుండి వచ్చినది. 1854లో వుడ్ దొరగారి విద్యావిధానపత్రమును, 1857లో మదరాసు విశ్వవిద్యాలయమును వెలసిన పిమ్మట, నిచ్చెనకు పైమెట్టు ముందు కట్టి దానినుండి క్రిందికి దిగుచు తక్కిన మెట్లు అమర్చుట మొదలయ్యెను. విశ్వవిద్యాలయము మెట్రిక్యులేషను పరీక్షకు ఏమి కోరునో హైస్కూలు అది చెప్పును. హైస్కూలు ఏమి కోరునో క్రిందిబడి అది చెప్పును. యూక్లిడు ప్రతిపాదనలు, బీజగణితము ఇంగ్లీషు మాటలతో తెలుగు పిల్లవాని ముందుకు వచ్చినవి. అరుగుబడి పంతులు లెక్కలకు రుజువు అడిగెడివాడు కాడు, సరిపోయినదా లేదా అని మాత్ర మడిగెడివాడు. యూక్లిడు తోడనే ఎందువలన అను ప్రశ్న తరగతిగదిలో అడుగుపెట్టెను. ఇది మనకు కలిగిన నిజమైన లాభము. దానిని పరభాషలో వినవలసివచ్చుటచేత, వేలకొలది పిల్లలు రుజువులను సయితము ఎక్కములవలె వల్లెవేసిరి. ఇది మనకు కలిగిన నిజమైన నష్టము. ఎక్కమును వల్లించినవానికి ఎక్కము దక్కును, రుజువును వల్లించినవానికి రుజువు దక్కదు. ఆ కొత్త నిచ్చెన యెంత బిగుసైనదో చెప్పుటకు శ్రీనివాస రామానుజను చరిత్ర చాలును: 1903లో మెట్రిక్యులేషను నెగ్గిన ఆ మహానుభావుడు, తరువాతి మెట్టైన ఎఫ్. ఏ. పరీక్షలో తక్కిన విషయములలో తప్పి పైకి పోలేకపోయెను.

1911 నుండి చెన్నరాష్ట్రమున స్కూలు ఫైనలు పరీక్షలు నడిచినవి. ఎస్. ఎస్. ఎల్. సి. పుస్తకము చేతబట్టుకొని ఉద్యోగమున కేగుట అప్పటినుండియే. ఆ యేర్పాటులో ఇంగ్లీషు, స్వభాష, ఎలిమెంటరీ మాథమెటిక్స్ అందఱకు విధిగా నుండగా, బీజగణిత రేఖాగణితములు విద్యార్థి కోరుకొను ఐచ్ఛికముల గుంపులో చేరినవి. ఇచ్చట నిచ్చెనకు మొదటిసారిగా ఒక తలుపు పెట్టిరి. తలుపునకు ఈవల అందఱికిని కావలసిన లెక్కలు, ఆవల కొందఱికే కావలసిన గణితము.

ఇదే కాలమున నైజాము రాజ్యములోని తెలుగుబిడ్డల దారి వేఱుగా నుండెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడి, దానికి ముందుటి సంవత్సరము పెట్టిన అనువాదశాలలో గణితగ్రంథములు ఉర్దూలోనికి వచ్చినందున, పెద్దచదువు సయితము దేశభాషలలో నొకదానియందు చెప్పుట సాధ్యమని రుజువయ్యెను. అయితే అది తెలంగాణమున ఇంటిభాష కాదు. అక్కడి పిల్లవాడు ఇంట ఎక్కములు, బడిలో పహాడే. ఇంట కూడిక, తీసివేత, బడిలో జమా, తఫ్రీక్. గుణకారము జర్బు, భాగహారము తక్సీము. ఒకే లెక్కకు రెండు పేర్లు మోయు ఆ పిల్లల జ్ఞాపకశక్తికి నమస్కరింపవలసినదే. 1956 నవంబరు 1న రెండు భాగములును ఒక్క రాష్ట్రమైన తరువాత, ఉపాధ్యాయులు రెండు దారులను ఒక పాఠ్యక్రమమునకు తేవలసివచ్చెను.

ఆ మఱుసటి యేడు, 1957 ఏప్రిల్ 1న, నయాపైసలు వచ్చినవి. రూపాయికి నూఱు పైసలు. పావలా యిరువదియైదు పైసలుగా నిలిచినది. అణా మాత్రము ఆఱుంబావు పైసలై చేతికి చిక్కలేదు. కాని యను నాణెము ఒకటిన్నరకు మించి యొక వీసమైనది. మా నాయనమ్మ అయిదణాలు ముప్పదియొకటింబావు; పట్టికలో ముప్పదియొకటి యనిరి. ఆ పావుపైసను ఎవరు దినిరని ఆమె ఆ వేసవియంతయు అడిగినది. 1958 నుండి క్రమక్రమముగా కిలోగ్రాములు, లీటర్లు, మీటర్లు వచ్చి వీశెను, మానికను, కుంచమును అంగడినుండి సాగనంపినవి. దశాంశపద్ధతివలన దేశమునకు మేలే కలిగెను. ఊరూర మాఱు కుంచములు, సీమకొక మణుగు పోయి, ఒక్క కొలత నిలిచినది. రూపాయలు అణాలు పైసల వేఱువేఱు వరుసల కూడికలతో కన్నీరు పెట్టుకొన్న పిల్లలకు విడుదల కలిగెను. అయినను నాలుగేసి చొప్పున దిగు భిన్నము అంగడిలో ఆధారము కోలుపోయినంతనే, బడిలోని భిన్నము వట్టి పుస్తకపు భిన్నమైపోయెను. లవము, హారము, క.సా.గు. అనునవి నేర్చుచున్న పిల్లవానికి బజారులో వాని ముఖము కనబడదు. అయిదవ తరగతి పిల్లలు భిన్నములకడ తడబడుటకు ఉపాధ్యాయుల నిందించువారు, ఆ మెట్టు క్రింది నేల తొలగిపోయినదని గుర్తింపరు.

తలుపు సంగతికి మరల వత్తును. ఆంధ్రప్రదేశమున హైస్కూలు పైతరగతులలో లెక్కలు రెండు విధములుగా నుండెడివి: జనరల్ మాథమెటిక్స్, కాంపోజిట్ మాథమెటిక్స్. పిల్లలు జనరల్ లెక్కలు, కాంపోజిట్ లెక్కలు అనెడివారు. జనరల్‌లో వడ్డీలు, లాభనష్టములు, వైశాల్యములు మొదలగు వ్యవహారగణితమే హెచ్చు. కాంపోజిట్‌లో బీజగణితము, రేఖాగణితము, త్రికోణమితి లోతుగా నుండును. కాంపోజిట్ తీసికొన్నవానికి పి. యు. సి. లో గణితము, దానిమీద ఇంజనీరింగు తెఱచియుండును. జనరల్ తీసికొన్నవానికి ఆ దారి అచ్చటనే మూసికొనిపోవును. పదునాలుగేండ్ల పిల్లచేత సంతకము పెట్టించు నిర్ణయ మది.

మా అక్క ఎనిమిదవ తరగతి పరీక్షలో లెక్కలయందు తరగతికి మొదటిది. తొమ్మిదవ తరగతిలో చేరిననాడు బడిలో ఒక కాగితము చేతికిచ్చి, ఏదో యొకదానికి ఎదురుగా గుర్తు పెట్టుమనిరి. ఆమె కాంపోజిట్ యని గుర్తు పెట్టెను. ఆడపిల్లకు కాంపోజిట్ ఎందుకమ్మా అని ఒక మేష్టారు ఎంతయో ఆప్యాయముగా అడిగిరి. కాంపోజిట్ గంటలోనే ఆడపిల్లలకు కుట్టుపని గంటయు నుండెను. ఆ తరగతిలో తక్కినవారందఱును మగపిల్లలే. మా నాయనగారు ఆలోచించి, ఆలోచించి, ఆ గుర్తును కొట్టివేసి క్రింద మఱియొక గుర్తు పెట్టి సంతకము చేసిరి. ఎవరును దుర్మార్గులు కారు, ఎవరును గొంతెత్తి మాటాడలేదు. అక్క ఆ మధ్యాహ్నము అన్నము తినలేదు. కాంబెల్ లెక్కించిన అరువదిమంది ఆడపిల్లలను చదివినపుడెల్ల, ఆ కాగితముమీద కొట్టివేసిన గుర్తు నా కన్నుల యెదుట నిలుచును. నూటనలువదియేండ్లలో బడి వాకిలి ఆడపిల్లకు తెఱచుకొన్నది. లోపలి తలుపు మాత్రము ఓరగా వేసియే యుండెను.

1964-66 నాటి కొఠారీ విద్యాసంఘము, మొదటి పదియేండ్ల చదువునందు గణితమును విజ్ఞానశాస్త్రమును విద్యార్థులందఱకు విధింపవలెనని చెప్పెను. 1969లో మన రాష్ట్రమున పి. యు. సి. పోయి రెండేండ్ల ఇంటర్మీడియట్ వచ్చినది. తరువాతి సంవత్సరములలో జనరల్, కాంపోజిట్ అను భేదము తొలగి, పదవ తరగతివఱకు అందఱకు ఒకే గణితమైనది. తలుపు పూర్తిగా పోలేదు. రెండేండ్లు పైకి జరిగి ఎం. పి. సి., బై. పి. సి. అను పేర్లతో ఇంటర్మీడియట్ గుమ్మమున నిలిచినది. అయినను పదునాలుగేండ్లకును పదునాఱేండ్లకును భేదము గొప్పది. 1968లో వెలసిన తెలుగు అకాడమి పారిభాషికపదములను కూర్చి, కళాశాల గణితమును సయితము తెలుగున చదువుకొను వీలు కలిగించెను. సమితి, ప్రమేయము, సర్వసమీకరణము అను మాటలు పల్లెబడులలో సయితము నలిగి మన మాటలైనవి. కూడికనుండి భిన్నమునకు, భిన్నమునుండి త్రైరాశికమునకు, అచ్చటినుండి అంకెకు మాఱుగా అక్షరము నిలుచు బీజగణితమునకు పోవు దారి ఇప్పుడు ప్రతి పిల్లకును ప్రతి పిల్లవానికిని పేరునకైనను తెఱచియున్నది. ఆ దారిలో ఆఱవ తరగతి నుండి ఎనిమిదవ తరగతి లోపల, అంకె పోయి అక్షరము వచ్చుచోటనే, ఎక్కువమంది జాఱుట నేను చూచినాను. అచ్చట నిలుచుండి చేయి యిచ్చు ఉపాధ్యాయునికంటె విలువైనవాడు బడిలో మఱియొకడు లేడు.

క్రిందటి సంక్రాంతికి అక్క యింటికి వెళ్ళితిని. మనుమరాలు ఎనిమిదవ తరగతి. ఏ, బీ ల మొత్తమునకు వర్గము కట్టునపుడు నడుమ రెండు ఏబీ ఎక్కడినుండి వచ్చినదో తెలియక ఉదయమునుండి విసుగుకొనుచుండెను. అక్క జనరల్ పుస్తకమున ఆ పాఠ మామె యెఱిగినంతలో లేదు. ఆమె మనుమరాలిని వాకిటిలోనికి పిలిచి, కల్లాపి చల్లిన నేలమీద ముగ్గుపిండితో చుక్కలు పెట్టెను: అయిదు వరుసలు, వరుసకు అయిదు చుక్కలు. మూడు చుక్కలు దాటినచోట వ్రేలితో నిలువుగా ఒక గీత. మూడు వరుసలు దాటినచోట అడ్డముగా ఒక గీత.

"లెక్కపెట్టు," అనెను అక్క. "ఈ మూల తొమ్మిది, ఆ మూల నాలుగు. మిగిలినవి ఇటు ఆరు, అటు ఆరు. ఆ రెండు ఆర్లే నీ పుస్తకంలో రెండు ఏబీ."

పిల్ల వంగి ఒక్కొక్క గడిని వ్రేలితో ముట్టుచు లెక్కపెట్టుకొనెను. "అమ్మమ్మా, ఇది నీకు ఎవరు చెప్పారు?" అని యడిగెను. అక్క బదులు చెప్పలేదు. ముగ్గుపిండి గిన్నెను పిల్లవైపు జరిపెను. పిల్ల పిండి తీసికొని ప్రక్కన, ఏడు చుక్కలకు ఏడు వరుసలు మొదలుపెట్టెను.